మధుమేహమును కంటిచూపును



నేడు నేను చెప్పదలచినది ఒక రోగముయొక్క చరిత్ర. ఆ రోగము క్రొత్తది కాదు. ప్రాచీనులు దానిని మధుమేహమనిరి. మన తాతల కాలమున అతిమూత్రవ్యాధి యనిరి. నేడు పల్లెలలో సైతము షుగరు అను మాటయే వాడుకలో నున్నది. పేర్లు మారినను రోగమొక్కటే. అయితే ఈ రోగము కంటిలోపల పనిచేసి చూపును హరించునను సంగతి మానవునికి తెలిసి రెండువందల యేండ్లయినను కాలేదు. తెలిసిన పిదప దానిని ఆపు ఉపాయము దొరకుటకు నూరేండ్లకు పైగా పట్టినది. దొరకిన ఉపాయము రోగి యింటికి చేరుట యనునది ఇంకను పూర్తి కాలేదు. ఈ మూడవ ఘట్టమునుగూర్చియే నా ముఖ్యమైన విన్నపము. కాని మొదటి రెండు ఘట్టములను తెలిసికొనినగాని మూడవదాని అవసరము మనస్సునకు పట్టదు. కావున చరిత్రను మొదటినుండి చెప్పెదను.

మన వైద్యశాస్త్రము ఈ రోగమును మిక్కిలి పూర్వమే గుర్తించినది. చరక సుశ్రుత సంహితలు ప్రమేహములు ఇరువదియని లెక్కించి, వానిలో మధుమేహమును అసాధ్యమైన వానియందు చేర్చినవి. రోగి మూత్రమునకు చీమలు పట్టుటను ఆ వైద్యులు కనిపెట్టిరి. పుట్టుకతో వచ్చునది యొకటి, ఆహారవిహారముల దోషమువలన వచ్చునది వేరొకటి యని సుశ్రుతుడు విభజించెను. మొదటి రకపు రోగి కృశించి యుండుననియు, రెండవ రకపు రోగి స్థూలకాయుడై కూర్చున్న చోటు కదలనొల్లని స్వభావము కలవాడనియు చెప్పెను. నేటి వైద్యులు మొదటి రకము, రెండవ రకము అని చేయు విభాగమునకు ఇది ఎంత సమీపముగా నున్నదో శ్రోతలే గ్రహింపగలరు.

కంటినిగూర్చియు ఆ శాస్త్రమునకు శ్రద్ధ తక్కువ కాదు. సుశ్రుతసంహితలోని ఉత్తరతంత్రము నేత్రరోగములతోనే ఆరంభమగును. అందు డెబ్బదియారు నేత్రరోగములు చెప్పబడినవి. ఈ సంహితను సంస్కరించినవాడు నాగార్జునుడని డల్హణుడను వ్యాఖ్యాత వ్రాసెను. మన కృష్ణా మెట్టసీమలో జగ్గయ్యపేట స్తూపముకడ దొరకిన ఒక బుద్ధప్రతిమపై నాగార్జునాచార్యుని శిష్యపరంపరను చెప్పు శాసనమున్నది. నాగార్జున నామధారులు పలువురు గనుక పేరునుబట్టి ఇరువురిని ఒక్కరిని చేయరాదు. కాని ఆచార్యుని పేరును శిష్యుడు శిలపై చెక్కించి నిలుపుకొన్న సీమ మనదియని మాత్రము చెప్పవచ్చును. విద్య ఒకరినుండి యొకరికి అందినపుడే నిలుచునను సంగతి ఆ శిష్యులకు తెలియును. ఆ సంగతియే నేటి నా ప్రసంగమునకు మూలము.

ఇంత తెలిసిన పెద్దలు మధుమేహమునకును అంధత్వమునకును గల సంబంధమును ఏల నిరూపింపలేకపోయిరి? కారణము స్పష్టము. కంటి నడుమ నల్లగా కనబడు పాప ఒక ద్వారము. దాని లోపల చీకటి. బ్రతికియున్న మనుష్యుని కంటి లోపలిగోడను చూచు సాధనము ఆనాడు భూమిపై ఎవరికిని లేదు. శుక్లమును కన్నుమీదికి వచ్చిన పొరవలె చూడవచ్చును, సూదితో దానిని ప్రక్కకు త్రోయవచ్చును. ఆ పనిని మనవారు నేర్పుతో చేసిరి. కాని అంతకు లోపలనున్నది అగోచరము. 1819లో చెన్నపట్టణమున నేత్రవైద్యశాల వెలసినది. మన ప్రాంతమును అప్పుడు చెన్నపురి రాజధానిలోనిదే. ఆ వైద్యశాలలోని వైద్యులకు సైతము తొలి ముప్పదియేండ్లు కంటి లోతు చీకటిగనే యుండెను.

ఆ చీకటిని పోగొట్టినవాడు జర్మనీ దేశీయుడగు హెల్మ్‌హోల్ట్జ్. 1851లో అతడు ఒక చిన్న అద్దపు పరికరమును ప్రకటించెను. దానితో వెలుగును కంటిలోనికి పంపి, తిరిగివచ్చు వెలుగులో లోపలిగోడను చూడవచ్చును. ఆ గోడకు అంటియున్న పలుచని పొరయే రెటీనా. మనము చూచు ప్రతి రూపమును ఆ పొరపై పడి, నాడులద్వారా మెదడునకు చేరును. శరీరమును కోయకయే సజీవమైన రక్తనాళములను కంటితో చూడదగిన చోటు అది. ఆ పరికరము పుట్టిన కొద్దియేండ్లకే వియన్నా నగరమున ఎడ్వర్డ్ యేగర్ అను వైద్యుడు మధుమేహరోగి రెటీనాపై మచ్చలను చూచి వర్ణించెను. అందరును వెంటనే ఒప్పుకొనలేదు. ఆనాటి నేత్రవైద్యులలో అగ్రగణ్యుడగు ఫాన్ గ్రేఫే సంశయించెను. వాదము చాలకాలము సాగినది. 1943లో గ్లాస్గో నగరమున బలంటైన్, లోవెన్‌స్టీన్ అనువారు రెటీనాలోని సన్నని నాళములు సూక్ష్మమైన బుడిపెలుగా ఉబ్బుటను వివరించిరి. మధుమేహము కంటిలో వ్రాయు మొదటి అక్షరములు అవియే.

ఈ నడుమ మరియొక మహాకార్యము జరిగినది. 1921లో కెనడా దేశపు టొరాంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు ఇన్సులినును వేరుచేసిరి. 1922 జనవరిలో లియొనార్డ్ థామ్సన్ అను పదునాలుగేండ్ల బాలునకు దానిని సూదిమందుగా నిచ్చిరి. ఎముకలగూడువలె నున్న బాలుడు కోలుకొనెను. 1923లో బాంటింగునకు, మాక్లియడ్‌నకు నోబెల్ బహుమానము లభించినది. అంతవరకు ఈ రకపు మధుమేహము వచ్చిన బాలబాలికలు ఒకటి రెండేండ్లకంటె బ్రతుకుట అరుదు. అట్టివారు ఇరువదియేండ్లు, ముప్పదియేండ్లు బ్రతుకసాగిరి. లోకము సంతోషించినది. కాని ఆ సంతోషము వెనుకనే క్రొత్త దుఃఖమొకటి వచ్చినది. పూర్వము కన్ను చెడునంతకాలము రోగి జీవించియుండలేదు. ఇప్పుడు జీవించెను, కన్ను చెడెను. ప్రాణమును కాపాడిన వైద్యము చూపును కాపాడు భారమును తనపై వేసికొనక తప్పలేదు.

ఈ భారమును వైద్యుడొక్కడే మోయలేడని మొదట గట్టిగా చెప్పినవారిలో బోస్టను నగర వైద్యుడు ఎలియట్ జోస్లిన్ ముఖ్యుడు. ఇన్సులిను పుట్టకమునుపే, 1918లో, అతడు వైద్యునకును రోగికిని ఉమ్మడిగా పనికివచ్చునట్లు ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను. రోగికి బోధించుట చికిత్సకు అనుబంధము కాదు, చికిత్సలో భాగమే యని అతని మతము. జ్వరము వచ్చిన రోగి కన్నుమూసికొని మందు మింగినను చాలును. మధుమేహరోగికి అది చాలదు. అతడు ఏమి తినవలెనో, ఎంత నడువవలెనో, ఎప్పుడు పరీక్ష చేయించుకొనవలెనో దినదినము తానే నిశ్చయించుకొనవలెను. ఏడాదికి కొన్ని మారులు కనబడు వైద్యుడు ఎన్ని దినములు వెంటనుండును?

ఇక కన్నును రక్షించు ఉపాయము దొరకిన విధము వినదగినది. గ్రహణమును వట్టి కంటితో చూడరాదని మన ఇండ్లలో పెద్దలు పిల్లలను హెచ్చరింతురు. 1945 జూలై 9న ఐరోపాలో సూర్యగ్రహణము పట్టినది. దానిని వట్టి కంటితో చూచిన ఒక వైద్యవిద్యార్థి రెటీనా కాలినది. అతని కంటిని పరీక్షించిన జర్మను వైద్యుడు మేయర్ ష్విక్కెరాత్‌నకు ఒక ఆలోచన పుట్టినది. సూర్యకాంతి రెటీనాను కాల్చగలదు గదా, అవసరమైనచోట, అవసరమైనంతమాత్రమే కాల్చి రోగమును ఆపరాదా యని అతడు యోచించెను. మొదట సూర్యకాంతినే అద్దములతో త్రిప్పి ప్రయోగించెను. మబ్బుపట్టిన దినమున చికిత్స లేదు. పిదప క్సెనాన్ దీపము వచ్చినది. 1960లో లేజరు కిరణము పుట్టినది. కొద్దియేండ్లలోనే నేత్రవైద్యులు దానిని చేపట్టిరి.

ఈ చికిత్స నిజముగా ఫలించునా యను సంశయమును తీర్చుటకు అమెరికా దేశమున 1970 దశాబ్దపు తొలియేండ్లలో ఒక గొప్ప పరిశీలనము మొదలయ్యెను. పదియేడు వందలకు మించిన రోగులు అందు చేరిరి. ప్రతి రోగికిని ఒక కంటికి చికిత్స చేసి రెండవ కంటిని చేయక విడిచి చూచిరి. చికిత్స పొందిన కన్నులలో తీవ్రమైన చూపునష్టము సగమునకు మించి తగ్గినదని 1976లో తేలినది. అంతట, రెండవ కంటికి ప్రమాదమున్నవారికి ఆ కంటికిని చికిత్స చేయ నిశ్చయించిరి. ఒకే మనుష్యుని రెండు కన్నులు ఇట్లు సాక్ష్యమిచ్చిన పిదప సంశయమునకు చోటు లేకపోయెను.

ఇప్పుడు ఈ రోగము కంటిలో నడచు తీరును కొంచెము వివరింపవలసియున్నది. రక్తములో చక్కెర చాలకాలము హెచ్చుగా నున్నచో రెటీనాలోని సన్నని నాళముల గోడలు బలహీనపడును. బుడిపెలు లేచును. వానినుండి నీరును క్రొవ్వును ఊరి చూపునకు కేంద్రమైన చోట వాపు కలుగును. మరికొన్ని నాళములు మూసికొనిపోవును. రక్తమందని రెటీనా క్రొత్త నాళములను మొలిపించును. ఇవి మేలు చేయవు. గోడ పగులులో మొలచిన రావిమొక్క వంటివి. పెళుసుగా నుండి చిట్లును. రక్తము కంటిలోని స్వచ్ఛమైన జిగురు పదార్థమున నిండును. పిదప మచ్చకట్టి ముడుచుకొనుచు రెటీనాను గోడనుండి లాగివేయును. ఇంత జరుగుచున్నను నొప్పి లేదు, ఎఱుపు లేదు, నీరు కారుట లేదు. మొదటి దశలలో చూపు తగ్గుట సైతము లేదు. రోగి పత్రిక చదువుచునే యుండును, సూదిలో దారమెక్కించుచునే యుండును. ఒకనాటి ఉదయమున కన్నుల ముందు నల్లని దారములు, సాలెగూడు వంటి నీడలు ఆడును. అప్పుడు వైద్యునికడకు పరుగెత్తును. నిప్పు రాజుకొనుచున్న వేళ పోవలసినవాడు ఇల్లు కూలినవేళ పోయినట్లగును.

లేజరు చికిత్సనుగూర్చి అపోహ ఇచ్చటనే పుట్టుచున్నది. ఆ చికిత్స పోయిన చూపును సామాన్యముగా తిరిగి తేదు. ఉన్న చూపును నిలుపును. చూపు పోయిన పిదప వెళ్ళిన రోగి, చికిత్స చేయించుకొంటిని, కన్ను రాలేదు, అది వట్టిదని ఊరికి వచ్చి చెప్పును. ఆ మాట విన్న పదిమంది చూపుండగా వెళ్ళవలసినవారే అయినను మానుకొందురు. సకాలమునకు అందని చికిత్స తన కీర్తినే గాక మరి పదిమంది కన్నులను పోగొట్టును. ఇటీవలి కాలమున వాపును తగ్గించుటకు కంటిలోనికి నేరుగా ఇచ్చు సూదిమందులు వచ్చినవి. వానివలన కొందరికి చూపు మెరుగగుచున్నది. అయినను అవియు పలుమారులు తీసికొనవలసినవి, వేళ తప్పరానివి. రక్తము నిండి రెటీనా ఊడివచ్చిన కంటికి శస్త్రచికిత్స కలదు. కాని అది కడపటి మెట్టు.

రోగమును ముందే నివారించుట సాధ్యమా? సాధ్యమని రెండు పరిశీలనములు నిరూపించినవి. అమెరికా, కెనడాలలో 1441 మంది మొదటిరకపు రోగులపై జరిగిన పరిశీలనము 1993లో ముగిసినది. అంతకుముందు కంటిరోగము లేనివారిలో, చక్కెరను కట్టుదిట్టముగా అదుపునందుంచినవారికి ఆ రోగము వచ్చు అవకాశము 76 శాతము తగ్గినది. 1998లో వెలువడిన ఇంగ్లండు పరిశీలనము రెండవరకపు రోగులకు చక్కెరతోపాటు రక్తపోటును అదుపునందుంచుటయు కంటికి రక్షయని చూపినది. అదే పరిశీలనమున మరియొక సంగతి తేలినది. మధుమేహమున్నదని అప్పుడే తెలిసిన రోగులలో మూడవవంతునకు మించినవారికి ఆనాటికే రెటీనాలో గుర్తులుండెను. అనగా రోగము మనకు తెలియకమునుపే కంటికి తెలియును.

ఇక మన దేశమునకు వత్తము. 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధన మండలి పరిశీలనము దేశమున మధుమేహరోగులు 10 కోట్లకు మించియున్నారని అంచనా కట్టినది. ఆంధ్రదేశమున కంటిరోగముల లెక్క తీయు పెద్ద ప్రయత్నము 1996నుండి 2000వరకు జరిగినది. డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు స్థాపించిన హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు హైదరాబాదు నగరమునను, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరు జిల్లాల పల్లెలలోను పదివేలకు మించిన జనుల కన్నులను పరీక్షించిరి. తమకు మధుమేహమున్నదని చెప్పిన హైదరాబాదు వాసులలో ఐదుగురిలో ఒకరికి మించి రెటీనా చెడియున్నట్లు అందు తేలినది. ఆ సంస్థకు చలనచిత్ర దర్శకులు, నిర్మాతలు ఎల్.వి. ప్రసాద్‌గారు ధనమును భూమిని ఇచ్చిరి. తెరపై బొమ్మలు చూపి ఆర్జించిన ధనము చూపునకే వినియోగమగుట సముచితమైన సంగతి. 2011లో విజయవాడ చెంతనున్న తాడిగడపలో ఆ సంస్థ శాఖ వెలసినది. 2018 ఆగస్టు 15న తెలంగాణమునను, 2019 అక్టోబరు 10న ఆంధ్రప్రదేశమునను కంటి వెలుగు అను పేర ప్రభుత్వములు ఊరూర కంటిపరీక్షలు ప్రారంభించినవి. వైద్యము, పరికరములు, నిపుణులు మనకు దూరదేశపు సంగతులు కావు.

అయినను కంచికచర్ల మండలమునందలి చెవిటికల్లు వంటి ఒక గ్రామమును తలపోయుదము. కంచికచర్లయు నందిగామయు హైదరాబాదు విజయవాడల రహదారిపైననే యున్నవి. బస్సెక్కినచో నిపుణుడగు నేత్రవైద్యుడు దూరము కాదు. మరి దూరమెక్కడ నున్నది? నేను చెప్పుదును, అది మూడు మాటలలో నున్నది. మొదటిది, నాకు చూపు బాగుగనే యున్నది అను మాట. రెండవది, జోడు మార్చుకొంటిని, చాలును అను మాట. చక్కెర హెచ్చుతగ్గులతో కంటిలోని కటకము ఉబ్బి తగ్గుటవలన జోడు అంకె మారుచుండును. జోడు అమ్మినవాడు అంకె చూచును గాని లోపలిగోడను చూడడు. మూడవది, అది శుక్లము, పండిన పిదప చూచుకొనవచ్చును అను మాట. శుక్లము ఆగినను ఆగును, రెటీనా ఆగదు. పైగా మధుమేహరోగికి రెండును కలిసియుండవచ్చును. పత్తితీతలు, మిరపకోతలు అయిన పిదప పోదమని వాయిదా వేయువాడు ఈ మూడు మాటలలో నొకదానిని నమ్మియే వాయిదా వేయును. అజ్ఞానమువలన గాదు, తెలిసినదే చాలునను ధైర్యమువలన. కూలిపని మానిన దినమునకు కూలి పోవుననుట నిజమే. కాని చూపు పోయినవానికి కూలి శాశ్వతముగా పోవును. అతని చేయి పట్టుకొని నడపించువాని కూలియు పోవును. ఇన్సులిను సూదిపై గీతలు చూడలేనివాడు మందునకును పరాధీనుడగును.

బోధనము నిజముగా ఫలించునా యని ఎవరైన అడుగవచ్చును. చరిత్రలోనే ప్రత్యుత్తరమున్నది. 1989లో ఐరోపా దేశముల ప్రతినిధులు ఇటలీలోని సెయింట్ విన్సెంట్‌లో సమావేశమై, మధుమేహమువలన క్రొత్తగా కలుగు అంధత్వమును మూడవవంతైనను తగ్గింపవలెనని తీర్మానించిరి. ఇంగ్లండు దేశమువారు 2003నుండి దేశమంతట ఏర్పాటు చేసి, మధుమేహరోగులందరిని ఏటేట పిలిచి, రెటీనా ఛాయాచిత్రము తీయసాగిరి. కనీసము ఐదు దశాబ్దములుగా పనిచేయు వయస్సువారి అంధత్వమునకు ప్రథమ కారణముగా నుండిన ఈ రోగము, 2010నాటి లెక్కలలో ఇంగ్లండు, వేల్సులయందు ఆ స్థానమును కోల్పోయెను. అచటి రోగులకు క్రొత్త దివ్యౌషధమేదియు దొరకలేదు. చక్కెరను మెరుగుగా అదుపుచేయుటయు, చూపు బాగున్నవానిని సైతము పిలుచుటయు, పిలిచినవాడు వచ్చుటయు, ఇవియే చేసిన పని.

మనకు చేయవలసినది అంతకంటె వేరు కాదు. రెండవరకపు మధుమేహము బయటపడినవారు, అది తెలిసిన వెంటనే, చూపు ఎంత చక్కగా నున్నను, కంటిలో చుక్కలమందు వేయించుకొని రెటీనా పరీక్ష చేయించుకొనవలెను. పిదప ఏడాదికొకమారు, వైద్యుడు చెప్పినచో అంతకు ముందే, మరల పోవలెను. బాల్యముననే ఇన్సులిను మొదలుపెట్టినవారికి ఐదేండ్లు నిండిన నాటినుండి ఈ నియమమే. మధుమేహమున్న స్త్రీ గర్భవతియైనచో తొలినెలలలోనే కన్ను చూపించుకొనవలెను. చుక్కలమందు వేసిన దినమున కొన్ని గంటలు చూపు మసకగా నుండును గనుక తోడొకరిని తీసికొని పోవలెను. చక్కెర, రక్తపోటు, పొగత్రాగుట, ఈ మూడింటి లెక్క కంటికి సంబంధించినదేయని మరువరాదు.

ఈ మాటలు ఒక్క వైద్యుడు చెప్పిన చాలవు. గ్రామమున తిరుగు ఆశా కార్యకర్త చెప్పవలెను. మాత్రలిచ్చు మందులదుకాణమువాడు చెప్పవలెను. బడిలో చదువుకొను మనుమడు తాతకు చెప్పవలెను. చికిత్స సకాలమున పొంది చూపు నిలుపుకొన్నవాడు అందరికంటె మిన్నగా చెప్పగలడు. 1948 డిసెంబరు 1న విజయవాడలో రేడియో కేంద్రము వెలసిన నాటినుండి ఈ సీమలో గొంతుక ఒకటి ఇంటింటికి పోవుచున్నది. రేడియో కన్నులేనివానికిని వినబడును. కాని ఈ ప్రసంగము కన్నున్నవారి కొరకే చేసితిని. మీ యింట మధుమేహమున్నవారు ఈ యేడు రెటీనా పరీక్ష చేయించుకొనిరా యని ఈ రాత్రి భోజనమువేళ ఒక్కమారు అడుగుడు. లేదన్నచో, బస్సు వేళ కనుగొనుడు.